ఎక్కడ పూడ్చాలన్నది రెండో ప్రశ్న

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి సుదీర్ఘమైన ఉత్తరానికి సారాంశం ఇది.

ఆమె, ఆమె భర్త, బావగారు కలిసి కొన్ని ఆవులతో చిన్న పాడి నడుపుతున్నారు. రెండు నెలల కిందట, రాత్రి బాగానే మేసిన ఆవు తెల్లవారేసరికి చచ్చి పడి ఉంది. ముక్కు దగ్గర నల్లటి నెత్తురు, పొట్ట అప్పటికే ఉబ్బిపోయింది. పశువైద్యుడిని పిలుద్దామని ఆమె అంటే, "చచ్చినదానికి వైద్యమేమిటి?" అని బావగారు కొట్టిపారేశారు. సంగతి పొక్కితే పాలు కొనేవారు మానేస్తారని ఆయన భయం. కళేబరాన్ని ట్రాక్టరుకు కట్టి పొలం చివరి పల్లంలోకి ఈడ్పించి, నడుము లోతు గుంత తీయించి, అరబస్తా సున్నం చల్లి పూడ్పించారు. దానికి దగ్గరలోనే వాగు ఉంది. గట్టు అవతల పొరుగు రైతు బావి. ఆ కుటుంబం తాగేది ఆ నీళ్లే. వారం తిరిగేసరికి కుక్కలు గుంతను తోడేస్తే మళ్లీ పైపైన మట్టి వేశారు. ఇప్పుడు అక్కడ గడ్డి ఏపుగా పెరిగింది. కోసి దూడలకు వేయమంటున్నారు.

ఈలోగా ఒక ముసలి ఆవు కూలబడి లేవలేకపోతోంది. కొన్నాళ్లుగా నొప్పి తగ్గే ఇంజెక్షన్లు వేయిస్తున్నారు. అది ఇక లేవదని, బాధ లేకుండా ప్రాణం తీయడమే మేలని వైద్యుడు చెప్పాడు. దాన్నీ ఆ పల్లంలోనే పూడ్చేద్దామని బావగారి నిర్ణయం. ఆమె అడుగుతున్నది ఇది: "పాత గుంత గురించి ఎవరికైనా చెప్పాలా? చెబితే కేసవుతుందా? ముసలి ఆవును ఏం చేయాలి? పొరుగువారి పిల్లలు ఆ బావి దగ్గర నీళ్లు తోడుకుంటుంటే నాకు అన్నం సహించడం లేదు. నోరు విప్పితే ఇంటి పెద్దను పట్టించినదాన్ని అవుతాను. ఆవు పోయిందని ఏడిస్తేనే అందరూ నవ్వారు."

సమాధానం

"చచ్చినదానికి వైద్యమేమిటి?" అన్న మాట వినడానికి సబబుగానే ఉంది. మీ చిక్కులన్నీ మొదలైంది మాత్రం ఆ మాట దగ్గరే. చచ్చిన పశువును ఏం చేయాలో తేల్చేది, అది ఎందుకు చచ్చిందన్న సంగతి. ముసలితనంతోనో, పిడుగు పడో పోయినదాన్ని లోతుగా పూడ్చవచ్చు, కుళ్లబెట్టి ఎరువూ చేయవచ్చు. అదే దొమ్మరోగంతో పోయినదైతే దానికి కత్తి తగలకూడదు, కుక్క ముట్టకూడదు. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కాళ్లు చాపి పడి ఉంటాయి. ఈ తేడా చెప్పగలిగినవాడు పశువైద్యుడే. బతికున్న ఆవుకన్నా చచ్చిన ఆవుకే ఆయన అవసరం ఎక్కువగా ఉండే రోజులుంటాయి.

మీ మొదటి ఆవు అలాంటి రోజునే పోయినట్లుంది. రాత్రి మేసిన పశువు తెల్లారేసరికి చావడం, పొట్ట తొందరగా ఉబ్బడం, ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారడం, ఈ మూడూ కలిస్తే వైద్యులు ముందుగా అనుమానించేది దొమ్మరోగాన్ని, అంటే ఆంత్రాక్స్‌ను. ఇది అనుమానం మాత్రమేనని గట్టిగా గుర్తుంచుకోండి. కడుపుబ్బరం, జబ్బవాపు, పిడుగు, కొన్ని రకాల విషాలు కూడా రాత్రికి రాత్రే చంపుతాయి. కొన్ని గంటలు గడిచాక మామూలు కళేబరం ముక్కులోంచి కూడా ఎర్రటి ద్రవం కారుతుంది. నెత్తురు గడ్డకట్టిందో లేదో మీరు రాయలేదు. ఆ కంగారులో ఎవరూ గమనించి ఉండరు. ఆ ఉదయమే చెవి నరం నుంచి ఒక్క చుక్క నెత్తురు గాజుపలక మీదికి తీసి సూక్ష్మదర్శిని కింద చూసి ఉంటే అవునో కాదో చాలావరకు తేలిపోయేది. ఆ అవకాశం చేజారింది కాబట్టి, కాదని నిర్ధారణ అయ్యేవరకు దాన్ని దొమ్మరోగపు గుంతగానే చూడాలి.

ఇంత జాగ్రత్త ఎందుకో మీ ఇంట్లో చెప్పవలసి వస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఈ సూక్ష్మజీవి తీరే వేరు. కళేబరం తోలు తెగకుండా ఉంటే, లోపల కుళ్లు పుట్టించే ఇతర సూక్ష్మజీవులు దీన్ని కొద్దిరోజుల్లో చంపేస్తాయి. గాలి తగిలిందంటే మాత్రం గట్టి కవచం కట్టుకుని సిద్ధబీజంగా మారిపోతుంది. దొమ్మరోగపు అనుమానం ఉన్న పశువును కోయవద్దనేది అందుకే. మీ ఆవును ఎవరూ కోయలేదు, అది అదృష్టం. కానీ ముక్కులోంచి కారిన నెత్తురు నేల మీద పడింది, ట్రాక్టరు ఈడ్చిన దారి పొడవునా పడి ఉండవచ్చు, ఆపైన కుక్కలు కళేబరాన్ని చీల్చి ఉండవచ్చు. ఆ సిద్ధబీజాలు మట్టిలో దశాబ్దాల పాటు బతకగలవు. 1942లో బ్రిటన్ ప్రభుత్వం స్కాట్లాండ్ తీరంలోని గ్రూయినార్డ్ అనే చిన్న దీవిలో గొర్రెల మీద ఆంత్రాక్స్ ఆయుధాలను పరీక్షించింది. 1986లో ఆ నేలను ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపు నీటితో తడిపి శుద్ధి చేశాక, 1990లో గానీ ఆ దీవిలో అడుగుపెట్టవచ్చని ప్రకటించలేకపోయారు. 2016 వేసవిలో రష్యాలోని యమాల్ ప్రాంతంలో 2,000కు పైగా ధ్రువపు జింకలు ఈ రోగంతో చచ్చాయి, 12 ఏళ్ల బాలుడూ చనిపోయాడు. కరిగిన మంచునేలలోంచి పాత కళేబరాల తాలూకు బీజాలు పైకి వచ్చి ఉంటాయన్నది నిపుణుల ప్రధాన అనుమానం.

మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒంటి మీది గాటు ద్వారా సోకితే చాలావరకు కొన్ని రోజుల్లోనే పుండు కనిపిస్తుంది. నొప్పి ఉండదు, మధ్యలో నల్లటి పక్కు కడుతుంది. రెండు నెలలు గడిచినా బావగారికి, ట్రాక్టరు నడిపినవారికి అలాంటిదేమీ రాకపోతే సగం ఊపిరి పీల్చుకోవచ్చు. వచ్చి తగ్గిందన్నా, ఇప్పుడు ఎవరికైనా కారణం తెలియని జ్వరం, ఆయాసం ఉన్నా డాక్టరు దగ్గర ఈ ఆవు సంగతి దాచకూడదు. వేళకు మందులు పడితే నయమయ్యే జబ్బు ఇది.

గుంత విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. ఏమీ మాట్లాడకుండా ఊరుకోవడం మొదటిది. నిజం చెప్పాలంటే, ఊరుకున్నా ఏమీ జరగకపోవచ్చు. ఆ ఆవు కడుపుబ్బరంతోనే పోయి ఉండవచ్చు. కానీ పల్లంలో నడుము లోతు గుంత అంటే వాగు పొంగినప్పుడు కోతపడుతుంది, కుక్కలు మళ్లీ వస్తాయి, కొన్నేళ్లకు ఎవరో తెలియక నాగలి పెడతారు. అప్పుడు ఒక పశువో మనిషో పడిపోతే, ముందే తెలిసీ ఎందుకు చెప్పలేదని మీ ఇంట్లో ప్రతి ఒక్కరినీ అడుగుతారు.

రెండో దారి, మీవాళ్లే గుంత తవ్వి కళేబరాన్ని వేరేచోటికి మార్చడం. మీరు గట్టిగా మాట్లాడితే పంతానికి పోయి బావగారు ఇదే చేయబోవచ్చు. దీన్ని మాత్రం ఆపండి. ఉన్నవాటిలో ఇదే చెడ్డది. కింద ఉన్నదంతా పైకి వస్తుంది, తవ్వేవారి ఊపిరిలోకి వెళుతుంది, పలుగు పారలకు, టైర్లకు అంటుకుని ఇంటికి చేరుతుంది.

మూడోది పశువైద్యాధికారికి తెలియజేయడం. చాలా దేశాల్లో ఆంత్రాక్స్ అనుమానాన్ని తెలపడం చట్టప్రకారం తప్పనిసరి. తెలిపితే మట్టి నమూనాలు తీసుకుంటారు, గుంతను కదపాలా, అలాగే ఉంచి కంచె వేయాలా అన్నది వారే నిర్ణయిస్తారు, మిగతా మందకు టీకాలు వేస్తారు. మాక్స్ స్టెర్న్ అనే శాస్త్రవేత్త 1930లలో దక్షిణాఫ్రికాలో తయారుచేసిన టీకా రకాన్నే ఇప్పటికీ పశువులకు వాడుతున్నారు. కొన్నాళ్లు పాల అమ్మకం ఆపమనవచ్చు. బావగారి భయం ఉత్తుత్తిది కాదు, ఆ నష్టం నిజం. కేసో జరిమానానో అవుతుందా అన్నది మీ ప్రాంతపు చట్టాన్ని బట్టి ఉంటుంది, ఏమీ కాదని నేను హామీ ఇవ్వలేను. అయితే తమంతట తామే వచ్చి చెప్పినవారిని, తవ్వకంలో బయటపడ్డవారిని ఏ అధికారీ ఒకేలా చూడడని నా నమ్మకం. మీకు ఒక వెసులుబాటు కూడా ఉంది. ముసలి ఆవు కోసం వైద్యుడు ఎలాగూ మీ ఇంటికి వస్తున్నాడు. కార్యాలయం మెట్లెక్కి ఫిర్యాదులా చెప్పనక్కరలేదు. పాక దగ్గర నిలబడి జరిగింది జరిగినట్లు ఆయనకే చెప్పవచ్చు. ఆ పాకలో చేతులు పెట్టి పనిచేసే మనిషికి అది తెలియాలి కూడా.

ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా గడ్డి సంగతి మాత్రం ఆగదు. కోయనివ్వకండి. కుళ్లిన కళేబరం నుంచి నత్రజని అంది అది అంత పచ్చగా ఉంది. పశువులకు దొమ్మరోగం ఎక్కువగా సోకేది ఇలాంటి నేల మీది గడ్డితో, దాని మొదళ్లకు అంటిన మట్టితోనే. ఆ చోటి మట్టిని కదపకుండా, వేరేచోటి నుంచి తెచ్చిన మట్టిని ఎత్తుగా పోయించి, చుట్టూ పశువులు, కుక్కలు, పిల్లలు దూరలేని కంచె వేయించండి. దీనికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఎవరి పరువూ పోదు.

సున్నం గురించి ఒక మాట. సున్నం చల్లితే అంతా శుద్ధి అయిపోతుందన్న నమ్మకం ఎక్కడ పుట్టిందో గానీ, చావదు. పంది కళేబరాలను సున్నంతో, సున్నం లేకుండా పూడ్చి చూసిన పరిశోధనల్లో సున్నం వేసినవే నెమ్మదిగా కుళ్లాయి. వాసన తగ్గుతుంది, అంతే. ఆంత్రాక్స్ విషయంలోనైతే సున్నంలోని కాల్షియం సిద్ధబీజాలు నిలిచి ఉండటానికే తోడ్పడవచ్చని వాడవద్దంటారు.

ఇక బావి. రోగం మాట పక్కన పెట్టినా ఇది నిలబడే సమస్యే. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి బ్రిటన్‌లో 60 లక్షలకు పైగా పశువులను చంపవలసి వచ్చినప్పుడు, పూడ్చిన కళేబరాల నుంచి ఎంత ద్రవం కారుతుందో లెక్క వేశారు. ఎదిగిన ఆవు నుంచి మొదటి వారంలోనే సుమారు 80 లీటర్లు, రెండు నెలల్లో దానికి రెట్టింపు వస్తుందని అంచనా. అంటే మీ మొదటి ఆవు నుంచి కారవలసినది చాలావరకు ఇప్పటికే కారిపోయి ఉంటుంది. అది బావిని చేరిందా లేదా అన్నది నేల తీరు, వాలు, నీటిమట్టం మీద ఆధారపడుతుంది. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. బ్యాక్టీరియా, నైట్రేటు, అమ్మోనియా, ఈ మూడింటికీ నీళ్లు పరీక్షించమని అడగండి. కాచి తాగితే చాలని ఎవరైనా అంటే నమ్మకండి. మామూలు బ్యాక్టీరియా చస్తుంది గానీ నైట్రేటు పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది, పాలడబ్బా కలిపి పట్టే పసిబిడ్డలకు అది ప్రమాదం.

పొరుగువారికి చెప్పాలా అన్నదాంట్లో నేను మధ్యస్థంగా ఉండలేను. చెప్పాలి. ఎలా చెప్పాలన్నది మాత్రం మీ చేతిలో ఉంది. "మా ఆవును గట్టు దగ్గర పూడ్చాం, గుంత లోతు చాలలేదేమోనని అనుమానంగా ఉంది. ఖర్చు మాది, మీ బావి నీళ్లు పరీక్షకు పంపుదాం. ఫలితం వచ్చేదాకా తాగడానికి వేరే నీళ్లు వాడండి" అంటే చాలు. ఇందులో అబద్ధం లేదు, ఎవరి మీదా నేరం మోపడమూ లేదు. రోగం అనుమానం సంగతి వైద్యుడు వచ్చి చూశాక, ఆయన మాటగా చెప్పించండి. కోపగించుకుంటే కోపగించుకోనివ్వండి, ఆ హక్కు వారికుంది.

ముసలి ఆవు విషయం దీనికి పూర్తిగా భిన్నం. అది ఎందుకు పోతోందో మీకు తెలుసు. ఎప్పుడు పోతుందో కూడా మీ చేతిలోనే ఉంది. కాబట్టి చోటు, పద్ధతి ముందే నిర్ణయించుకోవచ్చు. అన్నిటికన్నా ముందు, దాని ఒంట్లోకి వెళ్లిన మందుల సంగతి తేల్చుకోండి. నొప్పికి వేస్తున్నది డైక్లోఫెనాక్ అయితే ఆ కళేబరాన్ని రాబందులు తింటే మూత్రపిండాలు పాడై చస్తాయి. దక్షిణాసియాలో రాబందులు అంతరించే స్థితికి రావడానికి కారణం ఈ మందేనని 2004లో తేలింది. పశువుల కోసం దాని తయారీని భారత్, పాకిస్తాన్, నేపాల్ 2006లో నిషేధించాయి. మనుషుల కోసం అమ్మే సీసాలను పశువులకు గుచ్చడం మాత్రం ఆ తర్వాతా సాగింది. మెలోక్సికామ్ అనే మరో నొప్పి మందు రాబందులకు హాని చేయదని రుజువైంది. రెండోది, ప్రాణం తీయడానికి వాడే మందు. అది పెంటోబార్బిటాల్ అయితే మట్టిలోనూ, కుళ్లబెట్టిన ఎరువులోనూ చాలాకాలం విచ్ఛిన్నం కాకుండా ఉంటుంది. అలాంటి కళేబరాన్ని తిని గద్దలు, కుక్కలు చచ్చిన సందర్భాలున్నాయి. మత్తు పూర్తిగా ఇచ్చాక పొటాషియం క్లోరైడ్ ఎక్కించే పద్ధతిలో ఇంత బెడద ఉండదు. ఏ మందు వాడతారో, తర్వాత కళేబరాన్ని ఏం చేయవచ్చో వైద్యుడిని ఒకేసారి అడగండి. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ముడిపడి ఉంటుంది.

మీ ప్రాంతంలో కళేబరాలను తీసుకువెళ్లే సేవ ఉంటే మీ పని తేలిక. దహన యంత్రానికో, కరిగించి శుద్ధిచేసే కర్మాగారానికో పంపుతారు. ఐరోపా నిబంధనల ప్రకారం కర్మాగారంలో పాటించే ఒక పద్ధతి చూడండి: 50 మిల్లీమీటర్లకు మించని ముక్కలు చేసి, 133 డిగ్రీల వేడి, మూడు రెట్ల వాతావరణ పీడనం కింద 20 నిమిషాలు ఉంచాలి. 1986లో బ్రిటన్‌లో గుర్తించిన పిచ్చి ఆవు వ్యాధి, పశువుల మాంసం, ఎముకల పొడిని మళ్లీ పశువులకే మేపడంతో వ్యాపించాక నిబంధనలు బిగిశాయి. సేవకు డబ్బు అవుతుంది. బండి వచ్చేదాకా కళేబరాన్ని కప్పి, కుక్కలకు అందకుండా ఉంచాలి.

పూడ్చడం చౌక. కానీ అన్నిచోట్లా చెల్లదు. ఐరోపా సమాఖ్యలో పాడిపశువులను పొలంలో పూడ్చడం 2003 నుంచి, కొన్ని మినహాయింపులు తప్ప, నిషిద్ధం. అమెరికాలో రాష్ట్రానికో నిబంధన. మీ దగ్గర ఏమిటో స్థానిక సంస్థను గానీ పశువైద్యశాఖను గానీ అడిగి తెలుసుకోవాలి. చోటు ఎంచుకోవడానికి ఒక కొలత కావాలంటే ఇంగ్లండు మార్గదర్శకాలు బాగా ఉపయోగపడతాయి: తాగునీటి బావికి 250 మీటర్లు, వాగుకు 30 మీటర్లు దూరం ఉండాలి, గుంత అడుగున నీరు ఊరకూడదు, పైన కనీసం ఒక మీటరు మట్టి పడాలి. ఈ లెక్కన మీ పల్లం దేనికీ పనికిరాదు. ఎత్తున ఉన్న చోటు చూసుకోండి.

చోటు లేకపోతే, చట్టం ఒప్పుకుంటే, కుళ్లబెట్టి ఎరువు చేసే పద్ధతి ఉంది. నాకైతే చిన్న పాడికి ఇదే నచ్చుతుంది. నీరు నిలవని ఎత్తు నేల మీద చెక్కముక్కలు, రంపపు పొట్టు కలిపి 60 సెంటీమీటర్ల మందాన పరిచి, దాని మీద ఆవును పడుకోబెట్టి, అన్నివైపులా మరో 60 సెంటీమీటర్లు కప్పాలి. ఎక్కడా కాలో చెవో బయటికి కనిపించకూడదు. సరిగ్గా కుదిరితే లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీలకు చేరుతుంది, కారే ద్రవాన్ని పొట్టు పీల్చుకుంటుంది, వాసన పెద్దగా రాదు. ఎదిగిన ఆవుకు ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది. చివరికి పెళుసుబారిన పెద్ద ఎముకలు మిగులుతాయి. పెంటోబార్బిటాల్ ఎక్కిన ఆవుకు గానీ, అనుమానపు చావుకు గానీ ఇది వద్దు.

ఆరుబయట కట్టెలు పేర్చి కాల్చాలని మాత్రం అనుకోకండి. ఆవు ఒంట్లో ఎక్కువ భాగం నీరే. ఎన్ని కట్టెలు పెట్టినా బయట మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. ఎవరో ఒకరు టైర్లు తెచ్చి పడేస్తారు, ఆ పొగ ఇంకో నేరం.

ఇంటి సంగతికి వస్తాను. మీ బావగారిని దుర్మార్గుడని మీ ఉత్తరం ఎక్కడా అనలేదు, నాకూ అలా అనిపించలేదు. మంద బతకాలన్న ఆరాటంలో తొందరపడ్డ మనిషిగా కనిపించారు. "ఆ రోజు మీరు తప్పు చేశారు" అని మొదలుపెడితే సంభాషణ అక్కడే ముగుస్తుంది. ముందు మీ భర్తతో మాట్లాడండి. ఉత్తరం మొత్తంలో ఆయన అభిప్రాయం ఏమిటో ఒక్క వాక్యం లేదు, అది నాకు వింతగా తోచింది. ఆయన మీతో ఉంటే ఇది కోడలి ధిక్కారం కాదు, అన్నదమ్ముల మధ్య మాట అవుతుంది. బావగారి దగ్గర ముసలి ఆవుతో మొదలుపెట్టండి: "బావగారూ, దీన్ని పల్లంలో వద్దండీ. అక్కడ నీరు ఊరుతోంది, డాక్టరుగారు వచ్చినప్పుడు చోటు ఆయననే చూపించమందాం." వైద్యుడు పల్లం దాకా నడిస్తే పాత గుంత గురించి తనే అడుగుతాడు, అప్పుడు జవాబు చెప్పే గౌరవం బావగారికే వదలండి. ఆయన చెప్పకపోతే మీరు చెప్పవలసి వస్తుంది, ఆ రోజు ఇంట్లో మాటలు ఆగిపోవచ్చు. గట్టు అవతలి పిల్లలను తలచుకుని అన్నం సహించనివారు ఆ మౌనాన్నీ భరించగలరని నాకనిపిస్తోంది.

ఏళ్ల తరబడి పాలు పితికిన చేతులకు ఆవు పోతే ఏడుపు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి, నవ్వినవారి సంగతి వదిలేయండి. ముసలి ఆవు ఇంకా నొప్పితో పడి ఉంది కాబట్టి వైద్యుడికి ఫోను మాత్రం రేపటిదాకా ఆపకండి.